గుర్తు తప్పితే క్యాన్సర్

కణంలో ప్రోటీన్లను కూల్చే ఏర్పాటు, అది చెడినప్పుడు కలిగే ముప్పు

కణాలు అదుపు తప్పి పెరగడమే క్యాన్సర్ అన్న మాట అందరం విన్నదే. ఆ అదుపు ఎక్కడ ఉంటుంది, దానిని నడిపేది ఏది, అది ఎట్లా తప్పుతుంది అన్న ప్రశ్నలకు మాత్రం సామాన్య పాఠకునికి సులభంగా సమాధానం దొరకదు. కణం ఏమేమి తయారు చేస్తుంది అన్న విషయం మీదనే శాస్త్రజ్ఞులు చాలాకాలం దృష్టి నిలిపారు. తయారైనదానిని కణం ఎప్పుడు, ఏ పద్ధతిలో కూల్చివేస్తుంది అన్న విషయం గత నలభై యాభై ఏండ్లలోనే బయటపడింది. క్యాన్సర్ పుట్టుకకు సంబంధించిన రహస్యంలో ఒక పెద్ద భాగం ఈ కూల్చివేతలోనే ఉన్నదని ఇప్పుడు తేలింది.

ఇది ప్రయోగశాలలకే పరిమితమైన విషయమని అనుకోరాదు. మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేలమందికి పైగా స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సోకుతున్నది. డెబ్భై అయిదు వేలకు పైగా స్త్రీలు దానితో మరణిస్తున్నారు. ఒక వైరస్ మన కణంలోని కూల్చివేత ఏర్పాటును తన వశం చేసుకోవడం వలననే ఈ వ్యాధి కలుగుతుంది. దీనిని ముందుగా ఆపవచ్చు. తొలిదశలో పట్టుకుంటే నయం చేయవచ్చు. కావున ఈ ఏర్పాటును అర్థం చేసుకోవడం ఆడపిల్లలున్న ప్రతి ఇంటికీ ప్రయోజనకరం.

ఏ ప్రోటీనూ శాశ్వతం కాదు

ప్రోటీన్లనే మనం మాంసకృత్తులు అంటాము. పప్పు, పాలు, గుడ్లు, చేపలు తిన్నప్పుడు అందులోని మాంసకృత్తులు కడుపులో విడిపోయి అమైనో ఆమ్లాలుగా మారుతాయి. ఆ అమైనో ఆమ్లాలను పూసల వలె గుచ్చి మన కణాలు తమకు కావలసిన వేలాది రకాల ప్రోటీన్లను తయారు చేసుకుంటాయి. కండరాలు కదలడానికి, రక్తం ప్రాణవాయువును మోయడానికి, గాయం మానడానికి, కణం రెండుగా చీలడానికి ఈ ప్రోటీన్లే ఆధారం.

శరీరంలో ఒకసారి ఏర్పడిన ప్రోటీను చాలాకాలం అట్లాగే నిలిచి ఉంటుందని పూర్వం భావించేవారు. జర్మనీ నుండి అమెరికాకు వలస వెళ్ళిన రుడాల్ఫ్ షోన్‌హైమర్ అనే శాస్త్రజ్ఞుడు 1930వ దశకం చివరలో న్యూయార్కులో ప్రత్యేకమైన నత్రజనితో గుర్తించిన అమైనో ఆమ్లాలను ఎలుకలకు తినిపించి, ఆ భావన తప్పని చూపాడు. శరీరం తన ప్రోటీన్లను నిత్యం కూలుస్తూ, నిత్యం కొత్తవి కడుతూ ఉంటుంది. కంటి కటకంలోని కొన్ని ప్రోటీన్లు జీవితాంతం నిలుస్తాయి. మరికొన్ని ప్రోటీన్లు పుట్టిన కొద్ది నిమిషాలలోనే కూలిపోతాయి. ఇంత తేడా ఉన్నదంటే కూల్చివేత గుడ్డిగా జరగడం లేదని, దానిని నిర్ణయించేది ఏదో ఉన్నదని అర్థం.

గుర్తు వేసేది ఒకటి, కోసేది మరొకటి

అడవిలో చెట్లు కొట్టే పద్ధతి మన సరిహద్దు గ్రామాలవారికి తెలిసినదే. ఏ చెట్టు కొట్టాలో గొడ్డలి పట్టినవాడు నిర్ణయించడు. ముందుగా అటవీశాఖ సిబ్బంది వచ్చి, కొట్టవలసిన చెట్లకు గుర్తు వేస్తారు. గుర్తు ఉన్న చెట్టు కూలుతుంది, లేనిది నిలుస్తుంది. కణంలోనూ సరిగ్గా ఇదే పద్ధతి నడుస్తుంది.

కణంలో ఆ గుర్తు పేరు యుబిక్విటిన్. అది కూడా ఒక చిన్న ప్రోటీనే; అందులో 76 అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఈస్టు మొదలుకొని మొక్కలు, జంతువులు, మనుషుల కణాలన్నింటిలో అది కనిపిస్తుంది కనుక, అంతటా ఉండేది అన్న అర్థంలో దానికి ఆ పేరు పెట్టారు. ఒక ప్రోటీనుకు యుబిక్విటిన్‌లు ఒకదాని వెనుక ఒకటిగా గొలుసువలె తగులుకుంటే, ఇక దానిని కూల్చవలసిందే అని అర్థం.

కూల్చే యంత్రం పేరు ప్రోటియాసోమ్. లోపల డొల్లగా ఉన్న పీపా వంటి ఆకారం దానిది. పీపా మూతి దగ్గర గుర్తును పరిశీలించే ద్వారం ఉంటుంది. గుర్తు ఉన్న ప్రోటీను మడతలు విప్పుకొని లోపలికి పోతుంది. చిన్న చిన్న ముక్కలై బయటికి వస్తుంది. యుబిక్విటిన్ గుర్తులు మాత్రం ఊడదీయబడి మళ్ళీ వాడకానికి వస్తాయి. ముక్కలలోని అమైనో ఆమ్లాలతో కణం కొత్త ప్రోటీన్లు కట్టుకుంటుంది. ఇందులో వృథా అయ్యేది బహు స్వల్పం.

గుర్తు వేసే పని మూడు అంచెలుగా సాగుతుంది. మొదటి అంచెలోని ఎంజైము యుబిక్విటిన్‌ను సిద్ధం చేస్తుంది. రెండవది దానిని మోసుకొని వస్తుంది. మూడవది కూల్చవలసిన ప్రోటీనును గుర్తుపట్టి దానికి అంటిస్తుంది. మానవ శరీరంలో మొదటి రకం ఎంజైములు రెండే ఉన్నాయి. రెండవ రకం సుమారు నలభై. మూడవ రకం ఆరు వందలకు పైగా ఉన్నాయి. ఏ ప్రోటీను కూలాలి అన్న నిర్ణయం ఈ మూడవ రకానిదే కనుక, ఒక్కొక్క పనికి ఒక్కొక్కటి చొప్పున ఇన్ని అవసరమయ్యాయి. వేసిన గుర్తును చెరిపివేసే ఎంజైములు కూడా దాదాపు వంద ఉన్నాయి. గుర్తు వేసేవీ, చెరిపేవీ కలిసి కూల్చివేతను నియంత్రిస్తాయి. క్యాన్సర్ విషయంలో ఈ నియంత్రకాలదే కీలకపాత్ర.

ఈ పద్ధతిని బయటపెట్టినవారు ఇజ్రాయెల్ దేశంలోని హైఫా నగరానికి చెందిన అవ్రామ్ హెర్ష్కో, ఆయన శిష్యుడు ఆరన్ చీకనోవర్, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పనిచేసిన ఇర్విన్ రోజ్. కుందేలు రక్తంలోని లేత ఎర్రకణాల రసంతో వారు చేసిన ప్రయోగాల ముఖ్యఫలితాలు 1980లో వెలువడ్డాయి. 2004లో ఈ ముగ్గురికీ రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

కణవిభజనకు గడియారం

కూల్చివేతకూ కణాల పెరుగుదలకూ సంబంధం ఏమిటి? కణం రెండుగా చీలడానికి సైక్లిన్ అనే ప్రోటీన్లు కావాలి. టిమ్ హంట్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1982లో సముద్రపు అర్చిన్ అనే ముళ్ళ జీవి గుడ్లను పరీక్షిస్తూ ఒక వింతను గమనించాడు. విభజనకు ముందు ఒక ప్రోటీను క్రమంగా పోగవుతుంది, విభజన జరిగే సమయంలో హఠాత్తుగా మాయమవుతుంది, మళ్ళీ పోగవుతుంది. అది మాయం కావడానికి కారణం యుబిక్విటిన్ గుర్తేనని తరువాత తేలింది. హంట్‌కు మరి ఇద్దరితో కలిపి 2001లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

సైక్లిన్ సకాలంలో కూలకపోతే విభజన సక్రమంగా ముగియదు. కణాలు క్రమం తప్పుతాయి. అంటే కణం పెరగడానికి తయారీ ఎంత అవసరమో, పెరుగుదల ఆగడానికి కూల్చివేత అంత అవసరం. బండికి ఎద్దులు ఉన్నంత మాత్రాన చాలదు, పగ్గం కూడా ఉండాలి.

ఈ ఏర్పాటు రెండు విధాలుగా చెడవచ్చు. కూలవలసినది కూలకుండా నిలవడం ఒకటి. నిలవవలసినది కూలిపోవడం రెండవది. రెండూ క్యాన్సర్‌కు దారితీస్తాయి.

మొదటి లోపం: కూలవలసినది నిలిచిపోవడం

దీనికి మూత్రపిండాల క్యాన్సర్ చక్కని ఉదాహరణ. కణానికి ప్రాణవాయువు తగ్గినప్పుడు, కొత్త రక్తనాళాలను పెంచమని ఆజ్ఞ ఇచ్చే హిఫ్ అనే ప్రోటీను ఒకటి ఉన్నది. ప్రాణవాయువు సరిపడా ఉన్నప్పుడు ఆ ఆజ్ఞతో పని లేదు. అందువలన వీహెచ్ఎల్ అనే ప్రోటీను హిఫ్‌ను పట్టుకొని, దానికి యుబిక్విటిన్ గుర్తు పడేటట్లు చేస్తుంది. హిఫ్ వెంటనే కూలిపోతుంది.

వీహెచ్ఎల్ జన్యువు దెబ్బతిన్న కణంలో గుర్తు వేసే ఏర్పాటు లేదు. ప్రాణవాయువు పుష్కలంగా ఉన్నప్పటికీ హిఫ్ కూలదు. రక్తనాళాలను పెంచమని అరుస్తూనే ఉంటుంది. ఆ రక్తం అండతో గడ్డ పెరుగుతుంది. మూత్రపిండాల క్యాన్సర్లలో అత్యధిక భాగంగా ఉండే క్లియర్ సెల్ రకంలో, ఎక్కువ మంది రోగులకు వీహెచ్ఎల్ జన్యువు చెడి ఉంటుంది. కొన్ని కుటుంబాలలో ఈ లోపం తల్లిదండ్రుల నుండి పిల్లలకు సంక్రమిస్తుంది. ప్రాణవాయువు హెచ్చుతగ్గులను కణం పసిగట్టే ఈ పద్ధతిని కనుగొన్నందుకు విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది. కూలకుండా నిలిచిన హిఫ్‌ను నేరుగా అడ్డుకునే బెల్జుటిఫాన్ అనే మందుకు 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది.

పెద్దప్రేగు క్యాన్సర్‌లోనూ కథ ఇటువంటిదే. అక్కడ బీటా కెటెనిన్ అనే ప్రోటీను కూలవలసి ఉండగా, దానికి గుర్తు పడేందుకు సహాయపడే ఏపీసీ అనే ప్రోటీను చెడిపోవడం వలన కూలకుండా నిలుస్తుంది. పెద్దప్రేగు క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈ లోపంతోనే మొదలవుతాయి.

రెండవ లోపం: నిలవవలసినది కూలిపోవడం

మన కణాలలో పీ53 అనే ప్రోటీను ఉన్నది. దీనిని 1979లో కనుగొన్నారు. ఎండ వలన గాని, పొగాకు వలన గాని, మరే కారణం వలన గాని కణంలోని జన్యుపదార్థం దెబ్బతిన్నప్పుడు, పీ53 విభజనను నిలిపివేసి మరమ్మతుకు వ్యవధి ఇస్తుంది. మరమ్మతుకు లొంగనంత దెబ్బ అయితే ఆ కణం తనంతట తానే చనిపోయేటట్లు చేస్తుంది. పంటచేనుకు కాపలాదారు ఎట్లాగో కణానికి పీ53 అట్లాగు.

అయితే కాపలాదారు చేతిలో కర్ర ఎప్పుడూ లేచి ఉంటే ఇంటివారికే ప్రమాదం. పీ53 మామూలు సమయంలో ఎక్కువగా ఉంటే ఆరోగ్యకరమైన కణాలు కూడా చనిపోతాయి. కనుక ఎండీఎం2 అనే గుర్తు వేసే ఎంజైము పీ53ను నిత్యం పట్టుకొని కూల్చివేతకు పంపుతూ ఉంటుంది. పీ53 సగం పరిమాణం ఇరవై నిమిషాలు అటూఇటుగా కూలిపోతుంది. జన్యుపదార్థం దెబ్బతిన్న క్షణంలో పీ53 రూపంలో చిన్న మార్పు వస్తుంది. ఎండీఎం2 దానిని పట్టుకోలేకపోతుంది. పీ53 పోగై పనిలోకి దిగుతుంది. కొత్తగా తయారయ్యేదాకా ఆగకుండా, కూల్చివేతను ఆపడం ద్వారా నిమిషాలలో సైన్యాన్ని సమకూర్చుకునే పద్ధతి ఇది.

మనుషులకు వచ్చే క్యాన్సర్లలో దాదాపు సగం వాటిలో పీ53 జన్యువే చెడి ఉంటుంది. మిగిలిన వాటిలో చాలా చోట్ల పీ53 బాగానే ఉన్నా, దానిని పనిచేయనివ్వని పరిస్థితి ఏర్పడుతుంది. కొవ్వు కణాల నుండి పుట్టే లైపోసార్కోమా అనే గడ్డలలో కొన్ని రకాలలో ఎండీఎం2 జన్యువు అనేక ప్రతులుగా పెరిగిపోతుంది. కాపలాదారు ఎంతమంది పుట్టినా వెంటవెంటనే కూలిపోతూనే ఉంటారు.

వైరస్ చేసే దొంగపని

ఇక గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సంగతి. దీనికి కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్, క్లుప్తంగా హెచ్‌పీవీ. జర్మన్ వైద్యుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983లో, 1984లో ఈ వైరస్‌లోని 16వ, 18వ రకాలను క్యాన్సర్ గడ్డల నుండి వేరుచేసింది. ఈ రెండు రకాలే పది కేసులలో ఏడింటికి కారణం. 2008లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

వైరస్‌కు సొంతంగా సంతానం పెంచుకునే సామగ్రి లేదు. మన కణం విభజన చెందేటప్పుడు ఉండే సామగ్రినే అది వాడుకోవాలి. విభజనను ఆపే పీ53 దానికి అడ్డు. దానిని తొలగించడానికి వైరస్ ఈ6 అనే చిన్న ప్రోటీనును తయారు చేస్తుంది. ఈ6కు పీ53ను కూల్చే శక్తి లేదు. గుర్తు వేసే శక్తి కూడా లేదు. అది మన కణంలోనే వేరే పని మీద ఉన్న ఒక గుర్తు వేసే ఎంజైమును చేయి పట్టి తెచ్చి పీ53 ముందు నిలబెడుతుంది. ఈ6తో చేయి కలిపే ఆ ఎంజైము పేరు ఈ6ఏపీ. వైరస్ లేని కణంలో పీ53ను కూల్చడం దాని పని కాదు. ఈ6 పక్కన చేరగానే అది పీ53కు గుర్తు వేస్తుంది; ప్రోటియాసోమ్ తన ధర్మం ప్రకారం కూల్చివేస్తుంది. ఈ సంగతి 1990లో, ఆ ఎంజైము వివరం 1993లో వెల్లడైంది. వైరస్‌కే చెందిన ఈ7 అనే మరొక ప్రోటీను, విభజనను అదుపు చేసే ఆర్‌బీ అనే రెండవ కాపలాదారును కూడా ఇదే దారిలో తొలగిస్తుంది.

అటవీశాఖవారి ముద్రను దొంగ సంపాదించి, కొట్టకూడని చెట్టుకు వేసినట్లు ఉన్నది ఈ పని. గొడ్డలి పట్టినవాడి తప్పేమీ లేదు.

ఇక్కడ ఆశ కలిగించే విషయం ఒకటి ఉన్నది. ఈ క్యాన్సర్ కణాలలో పీ53 జన్యువు సాధారణంగా చెడి ఉండదు. ప్రయోగశాలలో ఈ6ను అణచివేసినప్పుడు పీ53 మళ్ళీ పోగై, కణాల పెరుగుదల ఆగిపోవడం చూశారు. అంటే వైరస్ చేరకుండా చూడగలిగితే, చేరినదానిని ముదరకముందే పట్టుకోగలిగితే, కాపలాదారు నిలిచే ఉంటాడు.

మరొక మాట కూడా చెప్పవలసి ఉన్నది. హెచ్‌పీవీ చాలా సామాన్యమైన వైరస్. దాంపత్య జీవితం గడిపే స్త్రీపురుషులలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. ఎక్కువమందిలో ఏడాది రెండేండ్లలో దానంతట అదే పోతుంది. కొద్దిమందిలో మాత్రమే పది పదిహేనేండ్లు, అంతకంటే ఎక్కువ కాలం నిలిచి క్యాన్సర్‌గా మారుతుంది. కావున ఈ వ్యాధి వచ్చిన స్త్రీ నడతను శంకించడం అన్యాయం, అజ్ఞానం. ఆ నిందకు భయపడి పరీక్షకు వెళ్ళకుండా ప్రాణం మీదికి తెచ్చుకునేవారు ఉన్నారు.

కూల్చివేతనే మందుగా మార్చడం

ఈ జ్ఞానం మందులకు కూడా దారి చూపింది. ఎముక మజ్జలో పుట్టే మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్‌కు బోర్టెజోమిబ్ అనే మందు ఉన్నది. దీనికి 2003లో అమెరికాలో అనుమతి లభించింది. ఇది ప్రోటియాసోమ్‌నే అడ్డుకుంటుంది. మైలోమా కణాలు అపారంగా ప్రోటీన్లను తయారు చేసే స్వభావం కలవి. చెత్త ఎత్తే బండి రాకపోతే పెద్ద సంత జరిగే ఊరికి ముందుగా ఇబ్బంది కలిగినట్లు, కూల్చివేత ఆగిపోగానే ఆ కణాలు తమ చెత్తతో తామే ఊపిరాడక చనిపోతాయి. కాళ్ళు చేతులలో తిమ్మిర్లు, మంటలు ఈ మందు వలన కలగవచ్చు. అటువంటివి కనిపిస్తే దాచకుండా వైద్యునికి చెప్పాలి.

థాలిడోమైడ్ చరిత్ర మరింత విచిత్రమైనది. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమందుగా అమ్మకానికి వచ్చింది. గర్భిణీల వేవిళ్ళకు కూడా వాడారు. ఫలితంగా పదివేలకు పైగా పిల్లలు కాళ్ళు చేతులు సరిగా లేకుండా పుట్టారు. 1961 చివరలో దానిని ఉపసంహరించారు. తరువాతి కాలంలో అదే మందు మైలోమా రోగులకు పనిచేస్తున్నదని 1999లో వెల్లడైంది. కారణం మాత్రం 2010 దాకా తెలియలేదు. ఆ ఏడాది జపాన్ శాస్త్రజ్ఞులు, అది సెరెబ్లాన్ అనే ప్రోటీనుకు అంటుకుంటుందని కనుగొన్నారు. సెరెబ్లాన్ గుర్తు వేసే బృందంలో ఒక భాగం. మందు అంటుకోగానే దాని చూపు మారి, మైలోమా కణాలకు ప్రాణాధారమైన రెండు ప్రోటీన్లకు గుర్తు వేస్తుంది. పిండం కాళ్ళు చేతుల ఎదుగుదలకు కావలసిన మరొక ప్రోటీనుకు కూడా గుర్తు వేస్తుందని 2018లో తెలిసింది. మేలుకూ కీడుకూ మూలం ఒక్కటే అన్నమాట.

థాలిడోమైడ్ వంశానికే చెందిన లెనలిడోమైడ్ ఇప్పుడు మైలోమాకు ప్రధానమైన మందులలో ఒకటి. హైదరాబాదు కేంద్రంగా ఉన్న నాట్కో, డాక్టర్ రెడ్డీస్ సంస్థలు దీనిని తయారు చేసి విదేశాలకు కూడా పంపుతున్నాయి. మన ఇళ్ళలో ఎవరికైనా ఈ మందులు రాసి ఉంటే ఒక జాగ్రత్త తప్పనిసరి. గర్భిణులు, గర్భం వచ్చే అవకాశం ఉన్న స్త్రీలు వాటిని తాకరాదు. మందు బిళ్ళలను ఇతరులకు అందకుండా విడిగా భద్రపరచాలి; మిగిలినవాటిని మరొకరికి ఇవ్వరాదు.

అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా అనే రక్తక్యాన్సర్‌లో రెండు ప్రోటీన్లు అతుక్కొని ఒక వికృత ప్రోటీను పుడుతుంది. 1970వ దశకంలో చైనాలోని హార్బిన్ వైద్యులు ఈ వ్యాధికి ఆర్సెనిక్‌ను, అంటే పాషాణాన్ని, శుద్ధిచేసి సూదిమందుగా వాడారు. ఆర్సెనిక్ ఆ వికృత ప్రోటీనుకు అంటుకొని, దానికి కూల్చివేత గుర్తు పడేటట్లు చేస్తుందని తరువాత తేలింది. రెటినోయిక్ ఆమ్లంతో కలిపి ఇచ్చే ఈ చికిత్సతో నేడు పదిమందిలో సుమారు తొమ్మిదిమంది కోలుకుంటున్నారు. అంతమాత్రాన ఊళ్ళో ఎవరో ఇచ్చే పాషాణ భస్మాలను మింగరాదు. ఆసుపత్రిలో గుండె నాడిని, రక్తాన్ని పరీక్షిస్తూ కొలత ప్రకారం ఇచ్చేది మాత్రమే ఔషధం, తక్కినది విషమే.

ఏ ప్రోటీను కావాలంటే దానికి గుర్తు వేయించే రెండు కొక్కేల మందులను తయారు చేయవచ్చునని 2001లో అమెరికా శాస్త్రజ్ఞులు చూపారు. ఒక కొక్కెం చెడ్డ ప్రోటీనును, మరొకటి గుర్తు వేసే ఎంజైమును పట్టుకొని ఎదురెదురుగా నిలుపుతాయి. ఈ6 చేసే దొంగపనినే మంచికి వాడుకోవడం ఇది. ఇటువంటి మందులను రోగులపై పరీక్షించడం 2019లో ఆరంభమైంది. అయితే ఎండీఎం2ను అడ్డుకునే మందులు రక్తంలోని ప్లేట్‌లెట్ కణాలను కూడా తగ్గించివేయడం వంటి చిక్కులు ఉన్నాయి. ఆరోగ్యకరమైన కణానికి కూడా ఈ ఏర్పాటు అవసరమే కనుక ప్రతి అడుగూ ఆచితూచి వేయవలసి వస్తున్నది.

మన ఊళ్ళు నేర్పిన పాఠం

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను గ్రామాలలోనే ఆపవచ్చునని ప్రపంచానికి చూపిన రెండు పెద్ద అధ్యయనాలు మన సరిహద్దు ప్రాంతాలకు దగ్గరివే. తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో, నర్సులు 30 నుండి 59 ఏండ్ల స్త్రీలకు ముఖద్వారం మీద పలుచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వినిగర్‌లో ఉండే ఆమ్లం, అద్ది చూసే పరీక్ష చేశారు. అనుమానం ఉన్నచోట తెల్లని మచ్చ కనబడుతుంది. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం, పరీక్షలు జరిగిన గ్రామాలలో ఈ క్యాన్సర్ 25 శాతం, మరణాలు 35 శాతం తగ్గాయి.

పూర్వం హైదరాబాదు సంస్థానంలో భాగమైన మహారాష్ట్రలోని ఉస్మానాబాదు జిల్లాలో, అంటే నేటి ధారాశివ్‌లో, లక్షా ముప్పై వేలకు పైగా గ్రామీణ స్త్రీలతో మరొక అధ్యయనం జరిగింది. హెచ్‌పీవీ వైరస్ ఉన్నదా అని ఒక్కసారి పరీక్షించి, అవసరమైనవారికి చికిత్స చేసినందువలన, పరీక్షలు జరగని గ్రామాలతో పోలిస్తే మరణాలు సుమారు సగానికి తగ్గాయని 2009లో వెల్లడైంది.

టీకా మాట తెలిసినదే. హెచ్‌పీవీ టీకా వైరస్‌ను కణంలోకి చేరనివ్వదు; ఇక ఈ6 పుట్టే ప్రసక్తే లేదు. తొమ్మిది నుండి పధ్నాలుగేండ్ల వయసులో వేయించడం ఉత్తమం. ఆ వయసు పిల్లలకు ఒకటి లేక రెండు మోతాదులు సరిపోతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపింది. పుణేలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారు చేసిన దేశీయ టీకా సర్వావాక్ 2023లో వచ్చింది. అయితే అప్పటికే సోకిన వైరస్‌ను టీకా తొలగించలేదు. కనుక కూతురికి టీకా ఎంత అవసరమో, తల్లికి పరీక్ష అంత అవసరం. ముప్పై ఏండ్లు దాటిన స్త్రీలకు అయిదేండ్లకొకసారి ఈ పరీక్ష చేయాలని 2016 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ ఊరి ఆశా కార్యకర్తను గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని నర్సును గాని అడిగితే టీకా, పరీక్షల వివరాలు తెలుస్తాయి.

ముట్లుడిగిన తరువాత రక్తం కనిపించినా, నెలసరికీ నెలసరికీ మధ్య గాని, భార్యాభర్తల కలయిక తరువాత గాని రక్తం వచ్చినా, దుర్వాసనతో తెల్లబట్ట అయినా తాత్సారం చేయరాదు. బెంగుళూరులోని కిద్వాయి, చెన్నైలోని అడయారు క్యాన్సర్ సంస్థ, కటక్‌లోని ఆచార్య హరిహర్, ముంబైలోని టాటా మెమోరియల్, పుదుచ్చేరిలోని జిప్మర్, హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఇటువంటి చికిత్సకు పేరెన్నికగన్నవి. ఆయుష్మాన్ భారత్ కార్డు పథకంలో చేరిన ఆసుపత్రులలో పొరుగు రాష్ట్రంలో కూడా చెల్లుతుంది. అయినా బయలుదేరే ముందే ఫోనులో నిర్ధారించుకోవాలి. పాత పరీక్షల కాగితాలన్నీ వెంట తీసుకొనిపోవాలి. అక్కడి భాష రాని పెద్దవారికి తోడుగా భాష తెలిసిన పిల్లలను పంపాలి.

చివరగా ఒక అపోహ గురించి. ప్రోటీన్లకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉన్నదని విని, రోగికి పప్పు, గుడ్డు, పాలు మాన్పించేవారు ఉన్నారు. ఇది పొరపాటు. తిన్న మాంసకృత్తులు కడుపులోనే విడిపోతాయి. కణంలో గుర్తు వేసే ఏర్పాటుతో వాటికి పేచీ లేదు. చికిత్స పొందుతున్న శరీరానికి అవి మరింత అవసరం. వైద్యుడు ప్రత్యేకించి వద్దంటే తప్ప పథ్యం పేరుతో రోగిని నీరసపరచరాదు.

కణంలో కాపలాదారు ప్రతి ఒక్కరికీ పుట్టుకతోనే ఉన్నాడు. అతడు ఉండవలసిన చోట ఉండేటట్లు చూడడం చాలావరకు ప్రకృతి చేతిలోనిది. ఈ ఒక్క క్యాన్సర్ విషయంలో మాత్రం అది మన చేతిలో కూడా ఉన్నది.